మేడ మీద మేస్త్రీ, కింద మా పిన్ని

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పెద్ద ఆస్పత్రిలో దుప్పట్ల గది చూసుకుంది. ఉతికి ఆరిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో వాడే ఆకుపచ్చ గుడ్డలు, అన్నీ ఆ గదికి చేరి, అక్కడ మడతలు పడి, ఏ వార్డువి ఆ వార్డుకి వెళ్ళేవి. చిరుగు కనిపిస్తే కుట్టించాలి, మరక పోకపోతే మళ్ళీ ఉతుక్కి పంపాలి. ఆమె చేతి మడతను ఆస్పత్రిలో ఎవరైనా కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పగలిగేవారు, అంచుకి అంచు అంత కచ్చితంగా కలిసేది. అందరూ ఆమెను దుప్పట్లక్క అనేవారు. పెద్ద డాక్టర్లు కూడా అలాగే పిలిచేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

మనిషి బాగా పొట్టి. నేను ఏడో తరగతికి వచ్చేసరికే ఆమెను దాటిపోయాను. దుప్పట్ల గదిలో అరలు పైకప్పు దాకా ఉండేవి కాబట్టి ఎప్పుడూ ఆమె పక్కన ఒక స్టూలు ఉండేది. ఎక్కడం, దిగడం, జరపడం, మళ్ళీ ఎక్కడం. మాట్లాడుతూనే ఎక్కేది, మాట్లాడుతూనే దిగేది. అది పని అని కూడా ఆమెకు తోచేది కాదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "రోజూ నాలుగొందల మంది పక్కలు సర్దుతున్నాను, ఇంకొకడిది కూడానా" అనేసి నవ్వేది. అడిగినవాళ్ళు మళ్ళీ అడిగేవారు కాదు.

యాభయ్యో ఏట ఆమె ఒక చిన్న ఇల్లు కొనుక్కుంది. కింద తను ఉండడానికి రెండు గదులు, వంటగది. మేడ మీద అద్దెకిచ్చేందుకు రెండు గదులు, వాటి ముందు కాస్త ఖాళీ డాబా. ఉద్యోగం అయిపోయాక ఆ అద్దెతో బండి నడుస్తుందని ఆశ. ఇల్లు కట్టించిన పాత ఆసామి ఆరడుగులు దాటిన మనిషట. అన్నీ తన ఎత్తుకే పెట్టించుకున్నాడు. వంటగది గట్టు మా పిన్నికి రొమ్ముల దాకా వచ్చేది. స్విచ్చులు నుదుటి ఎత్తున ఉండేవి. స్నానాలగది అద్దంలో ఆమెకు తన పాపిట మాత్రమే కనిపించేది. అందుకని గదికో స్టూలు చొప్పున మూడు స్టూళ్ళు కొని వేసుకుంది. ఇల్లన్నాక అంతే కాబోలు అనుకుంది.

మొదట మేడ మీద ఒక టైపిస్టు దంపతులు ఆరేళ్ళున్నారు. ఉన్నారో లేరో తెలియనంత నెమ్మదస్తులు. వాళ్ళకి బదిలీ అయ్యాక ఒక వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. యాభై ఏడేళ్ళ మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. ముప్పై ఏళ్ళు ఒక నాటకాల కంపెనీకి సెట్లు కట్టాడు. కంపెనీ మూతపడ్డాక కుర్చీలు, బల్లలు బాగుచేసే దుకాణంలో సగం పూట పని చేస్తున్నాడు. సామాను అంతా ఒక మంచం, రెండు పెట్టెలు, పన్నెండు రంపాలు.

ఆ రంపాలు చూసి పిన్నికి కాస్త అనుమానం వచ్చింది. అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు, అడగకుండా గోడలకి మేకులు కొట్టకూడదని గట్టిగా చెప్పింది. ఆయన ఎంతో మర్యాదగా తలూపాడు.

ఏ మాటకామాటే చెప్పాలి, ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఉన్నన్నాళ్ళూ ఒక్క మేకు కొట్టలేదు. మొదటి నెలలో పై గది తలుపు ఊడదీసి, అటువైపు తెరుచుకునేదాన్ని ఇటువైపు తెరుచుకునేలా బిగించాడు. రెండో నెలలో మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ తీసేసి, చెక్కతో నున్నగా వేరేది పెట్టాడు. తరవాత కిటికీ రెక్కలు, ఆ తరవాత గుమ్మం. పిన్ని సాయంత్రం ఆరింటికి డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏదో ఒకటి మారి ఉండేది. మారినది మునుపటికంటే బాగుండేది, అదే చిక్కు. తిట్టడానికి నోరు తెరిస్తే పట్టుకోవడానికి తప్పు దొరికేది కాదు. పైగా పిన్నికి ఒకరిని గట్టిగా అనడం చేతకాదు. దుప్పట్ల గదిలో ఎవరైనా మడత సరిగా వెయ్యకపోతే, వాళ్ళు ఇంటికి వెళ్ళాక తనే విప్పి మళ్ళీ మడిచేది. ఎవరికీ చెప్పేది కాదు. అలాగే ఈయన విషయంలోనూ అయిదు నెలలు గుటకలు మింగుతూ గడిపింది.

ఆరో నెలలో ఒక వారమంతా మెట్ల మీద ఎర్రటి దుమ్ము కనిపించింది. పూల కుండీలకోసం ఇటుకలు తెచ్చుకున్నాడేమో అనుకుని పిన్ని మెట్లు ఊడ్చుకుంది. శనివారం ఆమెకు సెలవు. పొద్దున్న టీ గ్లాసు పట్టుకుని, మంచినీళ్ళ పంపు గురించి ఏదో చెప్పడానికి మేడెక్కింది. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. రెండు వీధుల అవతల నేనుండే గది, సెలవు వస్తే పిన్ని ఇంట్లోనే వాలేదాన్ని. పైనుంచి చాలాసేపు ఏ చప్పుడూ రాకపోయేసరికి నేనూ ఎక్కాను.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. రెండు గదుల మధ్య గోడ లేదు. పూర్తిగా కాదు, అటు మూరెడు ఇటు మూరెడు మిగిలి మధ్యలో ఆరడుగుల మేర ఖాళీ. పైన ఒక దూలం, దాని కింద అటూ ఇటూ రెండు గుంజలు. ఊడదీసిన ఇటుకలు సున్నం గీకి, కడిగి, డాబా మీద పేర్చి ఉన్నాయి. లోపలి గది ఎప్పుడూ చీకటిగుయ్యారం, పట్టపగలు లైటు వేస్తే గానీ పని జరగని గది. ఇప్పుడు ఆ గది చివర గోడ దాకా ఎండ పడి ఉంది. మేస్త్రీ చిత్రిక పట్టిన చెక్క ఒకటి పట్టుకుని, మెచ్చుకుంటుందన్న ఆశతో పిన్ని ముఖంలోకి చూస్తున్నాడు.

 పిన్ని చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. నెమ్మదిగా కిందికి దిగి వచ్చి, తన గదిలో పైకప్పు వైపు చూస్తూ కూచుంది. పైన మనిషి నడిచినప్పుడల్లా ఆమె భుజాలు ముడుచుకోవడం నాకు కనిపించింది. కాసేపటికి అంది, "ఆ గోడ పైకప్పుని మోస్తోందో లేదో నాకు తెలీదే. ఆయనకీ తెలీదు. ఇద్దరం దాని కింద పడుకుంటున్నాం."

మధ్యాహ్నానికి మామయ్య వచ్చాడు. పిన్నికి పెద్దన్నయ్య, మా అమ్మకి తమ్ముడు. సంగతి విని ఒంటికాలి మీద లేచాడు. ఆ వడ్రంగి దుకాణానికి వెళ్ళినప్పుడు తాళం మార్చేసి, సామానంతా వీధిలో పెట్టేద్దామన్నాడు. నలుగురు మనుషుల్ని తను తెస్తానన్నాడు. ఒక ఆడమనిషి ఇల్లని అలుసు చేసుకున్నాడనీ, తను ముందే చెప్పాననీ, ఒంటరి మగాళ్ళకి ఇల్లివ్వద్దంటే తన మాట ఎవరు విన్నారనీ చెవిన ఇల్లు కట్టుకుని పోరాడు. పిన్ని అంతా విని, ఒక్క మాటే అంది.

"వద్దన్నయ్యా. మనిషి పడుకుని ఉండగా నేను ఎవరి కింద దుప్పటీ లాగలేదు. పంపాలంటే చెప్పి, కాగితం ఇచ్చి, టైమిచ్చి పంపుతాను."

మామయ్య "నీ ఖర్మ" అని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మాత్రం ఆ పైకప్పు కింద పడుకోవద్దని చెప్పి, తన ఇంటికి రమ్మని రెండుసార్లు పిలిచాడు.

పిన్ని ఆస్పత్రి భవనాల మరమ్మతులు చూసే ఇంజినీరుకి ఫోన్ చేసింది. పెద్ద పరిచయమేమీ లేదు. ఆయన తల్లి ఎప్పుడో ఆ ఆస్పత్రిలో మూడు నెలలు మంచం మీద ఉన్నప్పుడు, ఒళ్ళు పుళ్ళు పడకుండా ప్రతిరోజూ మెత్తటి పాత దుప్పటి ఏరి పంపింది దుప్పట్లక్క. ఆయన అది మరిచిపోలేదు. అరగంటలో స్కూటరు మీద వచ్చాడు. గోడని, గుంజల్ని, పైకప్పుని తట్టి, కొలిచి, కింద పిన్ని గదిలో కూడా మంచం ఎక్కి చూశాడు. పైసా పుచ్చుకోలేదు.

ఆయన చెప్పిందేమిటంటే, ఆ గోడ పైకప్పుని మోస్తున్నదే. దూలం పెట్టిన తీరు చూస్తే పని తెలిసినవాడే పెట్టాడు, ఈ పూటకి కూలిపోదు. "కానీ ఈయన నాటకాలవాడు కదా. రెండు గంటలు నిలబడితే చాలు అక్కడ. ఇల్లు రోజూ నిలబడాలి. గోడ మళ్ళీ కట్టించండి, ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

ఆ రాత్రి మామయ్య ఇంట్లో పడుకున్నాం. మర్నాడు పిన్ని నోటీసు రాయడానికి కూచుంది. తొమ్మిదిసార్లు రాసి చించింది. మొదటి దాంట్లో క్షమించమని తనే అడిగింది. రెండో దాంట్లో మేస్త్రీ పనితనాన్ని పొగిడింది. నేను చదివి, "పిన్నీ, ఇది నోటీసా, సన్మాన పత్రమా" అంటే నవ్వి, మళ్ళీ రాసింది. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. అడగకుండా గోడ తీసేశారు. అది ప్రమాదమని ఇంజినీరు చెప్పారు. మీ ఖర్చుతో, ఆయన చెప్పినట్టు, తిరిగి కట్టించాలి. ఈ రోజు నుంచి మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి.

పోస్టులో పంపమన్నాను నేను. వినలేదు. తనే మేడెక్కి ఆయన చేతికిచ్చింది. ఆయన నిలబడే చదువుకున్నాడు. చాలాసేపు పట్టింది. తరవాత, ఆ లోపలి గది చీకటిని చూడలేకపోయాననీ, అక్కడ పడుకుంటే పెట్టెలో పెట్టి మూత పెట్టినట్టు ఉండేదనీ చెప్పబోయాడు.

"నన్నెందుకు అడగలేదు?" అంది పిన్ని.

"అడిగితే వద్దంటారని అడగలేదు అక్కయ్యగారూ."

"వద్దనడం నా హక్కు కదా మేస్త్రీ గారూ. గోడతో పాటు అదీ తీసేశారు మీరు."

గొంతు పెంచలేదు. కానీ ముప్పై ఏళ్ళలో మా పిన్ని ఒక మనిషి ముఖం మీద అలాంటి మాట అనడం నేను వినలేదు.  మేస్త్రీ నీళ్ళు నమల్లేదు, సాకులు వెతకలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు సాయంత్రం కట్టిన గోడలు పొద్దున్న పీకేశానండి. గోడంటే నాకు భయం లేకుండా పోయింది. అది నా తప్పే" అన్నాడు.

గోడ తిరిగి కట్టడానికి పది రోజులు పట్టింది. ఒక తాపీమేస్త్రీని పెట్టి, అవే ఇటుకలతో, మేస్త్రీ తనే సిమెంటు కలుపుతూ కట్టించాడు. పిన్ని రోజూ డ్యూటీ దిగి తిన్నగా మేడెక్కేది. ఎక్కడా రాజీ లేదు. వరస వంకరగా ఉందనిపిస్తే విప్పించేది. తను మళ్ళీ మడిచే అలవాటు ఎక్కడికి పోయిందో గానీ, ఇప్పుడు మడిచినవాళ్ళ చేతే మడిపిస్తోంది. మూడో రోజున ఆమె ఇంజినీరుని ఒక సంగతి అడిగింది. గోడలో పైభాగాన ఒక కిటికీలాంటి ఖాళీ వదిలితే ప్రమాదమా అని. పైన సిమెంటు పట్టీ సరిగా పోస్తే ఏమీ కాదన్నాడాయన. అలాగే వదిలించింది. ఎందుకు పిన్నీ అని నేనడిగాను. ఆ గది చీకటన్నది నిజమేననీ, ఆరేళ్ళకు పైగా తను ఆ చీకటి గదికే అద్దె తీసుకుంటున్నాననీ అంది.

ఆ పది రోజులూ ఆమె వరసలు చూడడానికి కిందనుంచి స్టూలు మోసుకుని వెళ్ళేది. పనయ్యాక మోసుకుని దిగేది. మేస్త్రీ అది చూశాడు. నోటీసు రెండో నెలలో ఒకనాడు పిన్ని తలుపు కింద ఒక చీటీ వచ్చి పడింది. "అక్కయ్యగారికి. మీ వంటగది గట్టు మీకు ఎక్కువ ఎత్తు. తగ్గించడానికి అనుమతి అడుగుతున్నాను. మీరు జవాబు ఇచ్చేదాకా ఏదీ ముట్టుకోను."

పిన్నికి ఒళ్ళు మండింది. వెళ్ళిపోయే మనిషికి నా వంటగదితో ఏం పని అంది. చీటీ వెనకాల "వద్దు" అని రాసి, తిరిగి పైకి పంపింది. పంపాక మాత్రం రెండు రోజులు కనిపెట్టుకుని చూసింది. సాయంత్రం రాగానే ముందు వంటగదిలోకి తొంగి చూసేది. ఏదీ మారలేదు.

వారం తరవాత ఇంకో చీటీ. ఇంటిని ముట్టుకోకుండా, డాబా మీద పలకలతో ఉత్త నమూనా చేసి చూపించవచ్చా అని. పిన్ని దాన్ని మూడు రోజులు తన సంచీలో వేసుకుని తిరిగింది. దుప్పట్ల గదిలో ఉన్నవాళ్ళకి చూపించిందట. వాళ్ళు, చూస్తే పోయేదేముంది, చూడక్కా అన్నారట. "సరే" అని రాసి పంపింది.

ఒక ఆదివారం కొలతలు తీసుకోవడానికి ఆయన కిందికి వచ్చాడు. రెండు గజాల దూరంలో నిలబడి, పిన్నిని చెయ్యి మోచేతి దగ్గర మడవమన్నాడు. ఉల్లిపాయ తరుగుతున్నట్టు చెయ్యమన్నాడు. ఉప్పు డబ్బా అందుకున్నట్టు, గిన్నె కడిగినట్టు, కూర కలిపినట్టు. కొలత టేపు పట్టుకోవడం నా పని. పిన్ని గాలిలో ఉల్లిపాయ తరుగుతుంటే పక్కింటావిడ కిటికీలోంచి చూసి, ఒంట్లో బాగానే ఉందా అని నన్ను సైగ చేసి అడిగింది. పిన్ని సిగ్గుపడి ఆపేసింది. మేస్త్రీ నవ్వలేదు. "ఇంకొక్కసారి, నెమ్మదిగా" అన్నాడు, దర్జీలా.

నాలుగు రోజుల తరవాత మమ్మల్ని డాబా మీదికి పిలిచాడు. అక్కడ ఒక వంటగది నిలబడి ఉంది. పలుచటి పలకలతో గట్టు, అరలు, గూళ్ళు. పొయ్యి ఉండాల్సిన చోట రెండు గుండ్రాలు, కుళాయి ఉండాల్సిన చోట కుళాయి బొమ్మ, గోడ బదులు నిలబెట్టిన పలక మీద సుద్దముక్కతో గీసిన స్విచ్చులు. నాటకంలో తెర లేచినప్పుడు కనిపించే వంటగదిలా ఉంది, కాకపోతే పిన్ని కొలతకి. ఆయన పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.

పిన్ని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. గట్టు మీద రెండు అరచేతులూ ఆనించింది. మోచేతులు ఊరికే, హాయిగా ఒంగాయి. చెయ్యి చాపి పై అర అందుకుంది. స్విచ్చు బొమ్మ మీద వేలు పెట్టింది. కుళాయి బొమ్మ తిప్పింది. మళ్ళీ పై అర. మళ్ళీ స్విచ్చు. అలవాటుకొద్దీ ఆమె కాలు పక్కనున్న స్టూలు కోసం వెతకడం, అక్కడ ఏమీ లేకపోవడం నేను చూశాను. చాలాసేపు మాకు వీపు చూపించి నిలబడింది.

"ఇన్నాళ్ళూ నేను పొట్టి అనుకున్నానే" అంది, నాతోనో ఎవరితోనో. "గట్టు ఎత్తు అనుకోలేదు."

తరవాత ముఖం తుడుచుకుంది. డాబా మీద గాలికి దుమ్ము లేస్తోందంది. దుమ్మేమీ లేదు.

పిన్ని కాగితం మీద "సరే" అని రాసిచ్చాక కింద అసలు వంటగది పని మూడు వారాలు జరిగింది. ఇంజినీరు ఒకసారి వచ్చి చూసి వెళ్ళాడు. ఏ గోడా కదల్లేదు. గట్టు దిగింది, గూళ్ళు దిగాయి, కరెంటు పనివాడు వచ్చి స్విచ్చులు దించాడు, స్నానాలగది అద్దం కూడా ఒక మూర దిగింది. మొట్టమొదటిసారి అందులో తన ముఖం చూసుకున్న రోజున పిన్ని నాకు ఫోన్ చేసి, చెంప మీద పుట్టుమచ్చ ఇంత పెద్దదైందని ఎవరూ చెప్పలేదేమని దెబ్బలాడింది. పనికి మేస్త్రీ కూలి తీసుకోనన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు, లెక్క ప్రకారం ఇచ్చి చేతిలో పెట్టింది.

ఇంతా అయ్యాక నోటీసు గడువు చివరి రోజు వచ్చింది. మేస్త్రీ దాన్ని మరిచిపోలేదు, మరిచిపోతారని ఎదురుచూడనూ లేదు. రంపాలు గుడ్డల్లో చుట్టి, పెట్టెలు కట్టి, గదులు కడిగి, తాళం చెవి పట్టుకుని పొద్దున్నే కిందికి వచ్చాడు. దుకాణం వెనక ఒక గది దొరికిందనీ, సాయంత్రం బండి వస్తుందనీ చెప్పాడు.

పిన్ని బల్ల మీద కొత్త అద్దె కాగితం సిద్ధంగా ఉంది. ఇంటికి అంటుకుని ఉన్నది ఏదైనా సరే, గోడ, తలుపు, కిటికీ, కమ్మీ, మెట్టు, గుమ్మం, ముందు కాగితం మీద అడగాలి. జవాబు కాగితం మీద వచ్చేదాకా ఆగాలి. "వద్దు" అంటే వద్దు. ఇది చదివి సంతకం పెడితే ఉండమంది.

మేస్త్రీ కాగితం చదివాడు. "వంటగది నచ్చినందుకా అక్కయ్యగారూ?"

"వంటగది నచ్చింది. ఉండమంటున్నది అందుక్కాదు. నేను వద్దని రాస్తే మీరు ఆగారు. అందుకు."

ఆయన బల్ల మీదికి వంగి సంతకం పెట్టాడు. బండివాడికి వద్దని చెప్పడానికి వెళ్ళి, దారిలోంచి వెనక్కి వచ్చి, తాళం చెవి మరిచిపోయానని పట్టుకెళ్ళాడు.

ఆ తరవాత నాలుగేళ్ళున్నాడు. చీటీలు వస్తూనే ఉండేవి. ఎక్కువ వాటికి పిన్ని "వద్దు" అనే రాసింది. మెట్లు గుండ్రంగా తిప్పుతానన్నదానికి వద్దు. డాబా మీద గోపురంలాంటిది కడతానన్నదానికి రెండుసార్లు వద్దు. వీధి గుమ్మం పక్కన అలసినవాళ్ళు కూచునే బల్లకి సరే. వద్దన్న రోజున కూడా ఆయన ముఖం మామూలుగానే ఉండేదట. వద్దనడం ఇంత తేలికని ముందే తెలిసుంటే ఆస్పత్రిలో సగం తలనొప్పులు తప్పేవని పిన్ని అనేది. ఉద్యోగంలో చివరి ఏడాది ఆమె సూపరింటెండెంటు గదికి తనంతట తను వెళ్ళి, దుప్పట్ల గది అరలు దించాలని అడిగింది. తన తరవాత వచ్చేవాళ్ళు రోజుకి రెండొందల సార్లు స్టూలెక్కనక్కర్లేదంది. మేస్త్రీ గీసిచ్చిన బొమ్మ కూడా పట్టుకెళ్ళింది. ఎనిమిది నెలలు తిప్పారు గానీ దించారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఆమెకు వీడ్కోలు చెప్పిన రోజు, కొత్త అరల పక్కన ఆమెను నిలబెట్టి ఫోటో తీశారు.

మామయ్య మాత్రం చాలాకాలం గొణిగాడు. పొడుగు మనిషి. మొదటిసారి కొత్త వంటగదిలో మంచినీళ్ళు తాగడానికి వెళ్ళి, గట్టు తొడలకి తగిలి, ఇదేం పిల్లలాట వంటిల్లు అన్నాడు. పిన్ని స్టూలు జరిపి, "కూచో అన్నయ్యా, ఇది ఇప్పుడు ఖాళీగానే ఉంటోంది" అంది. కూచున్నాడు. ఆ తరవాత ఆ స్టూలు ఆయనదే అయిపోయింది. మేస్త్రీతో చదరంగం మొదలుపెట్టిందీ దాని మీదే. నలుగురు మనుషుల్ని తెచ్చి సామాను బయట పెట్టిస్తానన్న సంగతి మేస్త్రీకి చెప్పొద్దని నన్ను పక్కకి పిలిచి బతిమాలాడు. నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

వేరే ఊళ్ళో నాటకాలు నేర్పే బడి ఒకటి పెట్టారు. సెట్ల పని నేర్పడానికి మేస్త్రీని పిలిచారు. అరవై రెండో ఏట కొత్త ఉద్యోగం. వెళ్ళేరోజు ఆయన గదులు కడిగి ఇచ్చాడు. పిన్ని పైకి వెళ్ళి గోడలన్నీ చూసి వచ్చింది. నమ్మకం లేక కాదంది, అలవాటంది.

నెల తరవాత ఆ ఊరినుంచి ఒకాయన ఫోన్ చేశాడు. తన ఇంట్లో అద్దెకి దిగుతానని ఈ మనిషి అడిగాడనీ, పాత ఇంటివాళ్ళు ఎవరని అడిగితే మీ నంబరు ఇచ్చాడనీ, మనిషి ఎలాంటివాడనీ. నేను పక్కనే ఉన్నాను. పిన్ని ఏం చెబుతుందా అని చెవి ఒగ్గి విన్నాను.

దాచలేదు. అడగకుండా మొత్తం గోడ తీసేసిన సంగతి మొదటి మాటగా చెప్పింది. అవతల ఆయన కంగారుపడ్డట్టున్నాడు. పిన్ని తొణకలేదు. మొదటి రోజునే ఏది ముట్టుకోకూడదో రాసి ఇమ్మంది. వారానికోసారి పైకి వెళ్ళి చూసి రమ్మంది. ఆయన చీటీ పంపితే విసుక్కోవద్దంది, సరేనో వద్దో ఆ రోజే రాసిచ్చెయ్యమంది.

"అన్నీ చెప్పానండి. ఇక మీ ఇష్టం. నా మటుకు నాకు ఆయన రావడం వల్ల మంచే జరిగింది. ఇల్లు నాదే, కాగితాలు నా పేరే, కానీ ఆయన వచ్చాకే నేను ఇందులోకి దిగినట్టయింది. మీరు ఇల్లివ్వండి."

ఫోన్ పెట్టేసి, గోడ సంగతి మొదటే చెప్పి చెడగొట్టానేమోనని కాసేపు మథనపడింది. లేచి వెళ్ళి కూర కలిపి వచ్చింది. వచ్చాక మళ్ళీ అదే నంబరుకి చేసింది. ఇంకొక మాట మరిచిపోయానంది. చలికాలంలో ఆయనకు దగ్గు వస్తుందనీ, చెక్కపొట్టు ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టరు అన్నాడనీ, రెండు గదులుంటే ఎండ పడే గది ఇమ్మనీ చెప్పింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. పిన్ని మాత్రం, "చాలా సంతోషమండి, చాలా సంతోషం" అంటూ ఫోన్ పెట్టేసింది.